హాల్లో సినిమా కంప్యూటర్: చప్పుడు తగ్గాలంటే ముందు వేడి తగ్గాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. టీవీకి కంప్యూటర్ తగిలించుకున్నాం, బొమ్మ బాగుంది, కానీ ఫ్యాన్ల హోరు భరించలేకపోతున్నాం అని. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇస్తున్నాను.

కావలి నుంచి ఒక పాఠకుడు: సార్, నమస్తే. మా హాల్లో 55 అంగుళాల 4కే టీవీ, 5.1 స్పీకర్ల రిసీవర్ ఉన్నాయి. దాచుకున్న సినిమాలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు, పెళ్లి వీడియోలు, యూట్యూబ్ అన్నీ ఒకే చోట చూసుకుందామని పాత డెస్క్‌టాప్ పెట్టాను. సినిమాలో మాటలు ఆగిపోతే చాలు, దీని హోరే వినపడుతోంది. కొత్తది కట్టించుకుందామని షాపుకు వెళ్తే గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, లిక్విడ్ కూలర్ వేస్తానంటున్నారు. ఇవన్నీ అవసరమా? ఏ భాగాలు కొనమంటారు?

గ్రాఫిక్స్ కార్డు వద్దు, లిక్విడ్ కూలర్ అసలే వద్దు. ఎందుకో చెప్తాను.

కంప్యూటర్‌లో చప్పుడు చేసేవి ఫ్యాన్లు, హార్డ్‌డిస్క్, అప్పుడప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోనో (గోడ కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) గ్రాఫిక్స్ కార్డులోనో వచ్చే సన్నటి కీచు శబ్దం, అంతే. ఇందులో అసలు బాధ ఫ్యాన్లది, ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలన్నది లోపల పుట్టే వేడిని బట్టి ఉంటుంది, కాబట్టి నిశ్శబ్దం కావాలంటే "సైలెంట్" అని పెట్టె మీద రాసిన వస్తువులు వెతకడం కాదు, వేడి తక్కువ పుట్టించే భాగాలు తీసుకుని ఆ కాస్త వేడీ సులువుగా బయటికి పోయే దారి ఉంచాలి. గ్రాఫిక్స్ కార్డు పెడితే ఇంకో వేడి మూలం, ఇంకో రెండు చిన్న ఫ్యాన్లు వచ్చి చేరతాయి. ద్రవాన్ని తిప్పి చల్లబరిచే లిక్విడ్ కూలర్‌కు రేడియేటర్ మీద ఫ్యాన్లు ఎలాగూ ఉంటాయి, దానికి తోడు పంపు మోటారు చప్పుడు అదనం. సినిమా చూడటానికి ఈ రెండూ అక్కర్లేదు.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మీరు ఇంటర్నెట్‌లో చూసే రివ్యూలు ఎక్కువగా 20–25 డిగ్రీల గదుల్లో చేసినవి. కూలర్ పని ప్రాసెసర్ వేడిని గదిలోని గాలికి అప్పగించడం, గది గాలి కంటే చల్లగా అది ఎప్పటికీ చేయలేదు. 24 డిగ్రీల గదిలో 70 దగ్గర ఆగిన ప్రాసెసర్, రోహిణి కార్తెలో ఫ్యాన్ మాత్రమే ఉన్న మన హాల్లో 38 డిగ్రీలుంటే, అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి 84 దగ్గరికి వెళ్తుంది. అద్దం తలుపులున్న షోకేస్‌లో పెట్టి మూసేస్తే ఇంకా పైకి. అప్పుడు మదర్‌బోర్డు భయపడి ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది. డిసెంబరులో వినపడని మిషను మేలో హోరెత్తేది ఇందుకే. కాబట్టి రివ్యూలో "చాలు" అన్న కూలర్ కంటే మీరు ఒక మెట్టు పెద్దదే తీసుకోండి.

ప్రాసెసర్ సంగతి. మీ పనికి ఇంటెల్ ఐ3-12100 బాగా సరిపోతుంది. నాలుగు కోర్లు, మామూలుగా 60 వాట్లు, గరిష్ఠంగా 89. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది మాత్రం కొనకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు, దానికోసం మళ్లీ కార్డు కొనాల్సి వస్తుంది. షాపులో కొంచెం తక్కువకు వస్తుందని అదే చేతిలో పెడతారు, బిల్లు రాసేటప్పుడు చూసుకోండి. వీడియోలను కుదించి దాచే పద్ధతులు చాలా ఉన్నాయి, ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాటిలో హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 మూడు రకాల వీడియోలనూ సొంతంగా విప్పుతుంది. ఇది చప్పుడుకు సంబంధించిన విషయమే, ఎందుకంటే వీడియో విప్పే పని ప్రత్యేకమైన సర్క్యూట్ చేస్తే కంప్యూటర్ మొత్తం 30–40 వాట్ల చుట్టూ గడిపేస్తుంది, అది లేకపోతే కోర్లన్నీ కష్టపడి వేడెక్కి ఫ్యాన్‌ను లేపుతాయి. ఏఎండీ వైపు 5600జీ చాలామంది సూచిస్తారు, మంచిదే, కానీ అందులో ఏవీ1 విప్పే సర్క్యూట్ లేదు. ఏఎండీనే కావాలంటే 8500జీ లాంటివి చూడండి. ఆటలు ఆడం, ఇంకే పనీ చేయం, సినిమాలు మాత్రమే అంటే ఇంటెల్ ఎన్100 ఉన్న చిన్న పెట్టె కూడా చాలు, 6 వాట్ల తరగతి ప్రాసెసర్ అది, ఆ మూడు రకాల వీడియోలనూ విప్పుతుంది.

ఐ3 తీసుకుంటే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి పవర్ లిమిట్ 35 వాట్లకు తగ్గించుకోండి, చాలా బోర్డుల్లో ఈ వీలుంటుంది. సినిమా చూడటంలో తేడా ఏమీ కనపడదు, వేసవిలో ఫ్యాన్ మాత్రం చాలా నెమ్మదిస్తుంది.

కూలర్: ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న కూలర్ పక్కన పెట్టి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ వేయించండి. ఇలాంటివి సుమారు 155 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, అందుకని క్యాబినెట్ వెడల్పు చూసి కొనాలి. పెద్ద ఫ్యాన్ ఎందుకంటే అదే గాలిని తక్కువ చుట్లతో తోస్తుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. గాలి కూడా సగమే వస్తుంది కదా అంటారేమో. నిజమే, అప్పుడు అలాంటి ఫ్యాన్లు రెండు పెట్టండి: గాలి సుమారుగా మళ్లీ మొదటికి వస్తుంది, రెండో ఫ్యాన్ వల్ల పెరిగే చప్పుడు 3 డెసిబెల్సే, అంటే మొత్తం మీద ఇంకా 12 డెసిబెల్స్ లాభమే. చెవికి 10 డెసిబెల్స్ తగ్గితే చప్పుడు సగమైనట్టు ఉంటుంది. నిశ్శబ్దం కోసం ఫ్యాన్లు తీసేయమని చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోనిది ఇందుకే. నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్లు రెండు, వేగంగా తిరిగే చిన్న ఫ్యాన్ ఒకటి కంటే ఎప్పుడూ మేలు.

క్యాబినెట్ విషయంలో చాలామంది డీవీడీ ప్లేయర్‌లా పల్చగా ఉండేదానికి ఆశపడతారు. హాల్లో అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అందులో 37 మిల్లీమీటర్ల కూలర్లే పడతాయి, వాటి చిన్న ఫ్యాన్ మన ఎండలకు గోల చేస్తుంది. పల్చటిదే కావాలని పట్టుబడితే కనీసం 70 మిల్లీమీటర్ల కూలర్ పట్టేది చూడండి. నా మాట వింటే ముందు వైపు జాలీ ఉన్న మామూలు మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ తీసుకుని టీవీ యూనిట్ పక్కన నేల మీద నిలబెట్టండి, ముందు ఒక 120 ఫ్యాన్, వెనక ఒకటి. లోపల స్పాంజి అతికించి చప్పుడు ఆపుతామనే క్యాబినెట్లు చల్లటి దేశాలకు బాగుంటాయి. ఇక్కడ ఆ మూసిన తలుపులు వేడిని కూడా లోపలే ఆపుతాయి.

ఎస్‌ఎంపీఎస్ 650 వాట్లు అక్కర్లేదు, 450 చాలు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది మాత్రం వాడకండి, ఫ్యాన్ నాసిరకంగా ఉంటుంది, మీద రాసిన వాట్లు కూడా నమ్మేలా ఉండవు. ఇంకొక మాట: కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే గోల్డ్ సర్టిఫికెట్ ఉంటేనే నిశ్శబ్దం అనుకోవద్దు. మీరు సినిమా చూసేటప్పుడు 40 వాట్ల పని జరుగుతుంటే, 80 శాతం సామర్థ్యం ఉన్న ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి 50 తీసుకుంటుంది, వృథా అయ్యేది 10 వాట్లు. ఆ 10 వాట్లకు పెద్ద ఫ్యాన్ అవసరం లేదు. చూడాల్సింది ఫ్యాన్ 120 మిల్లీమీటర్లుందా, లోడు తక్కువున్నప్పుడు అది పూర్తిగా ఆగిపోయే సదుపాయం ఉందా అని.

మదర్‌బోర్డులో రెండే చూడండి. హెచ్‌డీఎంఐ 4కే బొమ్మను సెకనుకు 60 సార్లు పంపగలదా లేదా, ఎందుకంటే పాత 1.4 రకం 30 దగ్గరే ఆగిపోతుంది, చవక బోర్డుల్లో ఇది ఇంకా కనపడుతోంది. రెండోది, ఫ్యాన్లకు నాలుగు పిన్నుల కనెక్టర్లు కనీసం మూడు ఉండాలి. ర్యామ్ 8 జీబీ రెండు, తిరిగే భాగాలు లేని, చప్పుడు చేయని ఎం.2 ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఒకటి, అయిపోయింది.

అన్నీ బిగించాక అసలు పని బయోస్‌లో ఉంది, షాపుల్లో దీన్ని ఎవరూ చేసి ఇవ్వరు. ఫ్యాన్ సెట్టింగులోకి వెళ్లి ప్రాసెసర్ 60 డిగ్రీలు వచ్చేదాకా ఫ్యాన్ నిమిషానికి 600–700 చుట్లు దాటకుండా పెట్టండి, అక్కడి నుంచి 80 వరకు మెల్లగా పెరగనివ్వండి. వేడి పెరగగానే వెంటనే స్పందించకుండా కొన్ని సెకన్లు ఆగే సెట్టింగు కూడా ఉంటుంది, అది ఎక్కువలో పెట్టండి. ఒకే స్థాయిలో వచ్చే చప్పుడును చెవి కాసేపటికి మర్చిపోతుంది, లేస్తూ పడుతూ ఉండేదాన్ని మర్చిపోలేదు.

ఓటీటీల గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. బ్రౌజర్‌లో చూస్తే చాలా ఓటీటీలు 4కే ఇవ్వవు, ఇచ్చేవి కూడా సవాలక్ష షరతులు పెడతాయి. వాటికి టీవీలోని యాప్‌లే వాడుకోండి. కంప్యూటర్ మీ సొంత సినిమాలకు, ఫొటోలకు, యూట్యూబ్‌కు. కోడి అనే ఉచిత ప్లేయర్ వేసుకుని, సినిమా సెకనుకు ఎన్ని ఫ్రేములుంటే టీవీ కూడా అంతకే మారే సెట్టింగు ఆన్ చేయండి. సినిమాలు 24 ఫ్రేములు, టీవీ 60 దగ్గర ఉండిపోతే కెమెరా పక్కకు కదిలినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: అసలు ఫ్యానే లేని చిన్న పెట్టె కొన్నాను. చలికాలంలో బ్రహ్మాండంగా నడిచింది. ఎండలు మొదలయ్యాక మధ్యాహ్నం పూట వీడియో ఆగి ఆగి వస్తోంది, రాత్రికి మళ్లీ బాగైపోతుంది. షోకేస్‌లో సెట్‌టాప్ బాక్స్ మీద పెట్టాను. పాడైపోయిందంటారా?

పాడవలేదు. మధ్యాహ్నం ఆగి రాత్రికి బాగవుతోందంటేనే విషయం తెలిసిపోతోంది: వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. ఫ్యాన్ లేని పెట్టెకు దాని లోహపు ఒళ్లే కూలర్. చుట్టూ గాలి ఆడాలి. మీరు దాన్ని ఇంకో వేడి పెట్టె మీద, మూసిన షోకేస్‌లో పెట్టారు.

ముందు దాన్ని సెట్‌టాప్ బాక్స్ మీద నుంచి దింపి బయట ఎక్కడైనా పెట్టి రెండు మధ్యాహ్నాలు చూడండి. బాగైతే, వడ్రంగిని పిలిచి షోకేస్ వెనక చెక్కకు కింద ఒక రంధ్రం, పైన ఒకటి, అరచేయంత పట్టేలా కోయించండి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి రెండూ పైనే ఉంటే లాభం లేదు, కింద నుంచి చల్లగాలి రావాలి. షోకేస్ గోడకు ఆనుకుని ఉంటే నాలుగు వేళ్లు ముందుకు జరపండి. అప్పటికీ చాలకపోతే పై రంధ్రం దగ్గర యూఎస్‌బీతో నడిచే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి బిగించండి. మీరు ఫ్యాన్ వద్దనే ఈ పెట్టె కొన్నారని తెలుసు. కానీ సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న హాల్లో, రెండు మూడు మీటర్ల దూరంలో, నెమ్మదిగా తిరిగే ఆ ఫ్యాన్ మీకు వినపడదు. మన ఇళ్లలో వేసవంతా సీలింగ్ ఫ్యానో ఏసీనో కూలరో మోగుతూనే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ ఆ చప్పుడు కింద ఉంటే చాలు. అన్నీ ఆపేసి కూర్చునే చలికాలం రాత్రుల్లో ఆ చిన్న ఫ్యాన్ ప్లగ్ తీసేయండి, అప్పుడు దాని అవసరం కూడా ఉండదు.

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు: మా అత్తయ్య, మామయ్య హాల్లోనే పడుకుంటారండీ. రాత్రి ఏదైనా కాపీ పెట్టి వదిలేస్తే కంప్యూటర్ నుంచి గుయ్యిమని ఒకటే మోత, మామయ్యకు నిద్ర పట్టడం లేదు. ఫ్యాన్లు మార్పించాం, అయినా తగ్గలేదు. గ్రానైట్ షెల్ఫ్ మీద ఉంటుంది. లోపల రెండు హార్డ్‌డిస్కులు, పిల్లల చిన్నప్పటి వీడియోలన్నీ వాటిలోనే ఉన్నాయి.

ఫ్యాన్లు మార్చినా తగ్గలేదంటే అది హార్డ్‌డిస్క్ మోతే అయ్యుంటుంది మేడమ్. నిమిషానికి 7200 చుట్ల డిస్క్ అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది, ఆ అదురు స్క్రూల గుండా క్యాబినెట్ రేకుకు, అక్కడి నుంచి షెల్ఫ్‌కు ఎక్కి మొత్తం డోలులా మోగుతుంది. రెండు డిస్కులుంటే వాటి వేగాల్లో రవ్వంత తేడా వల్ల మోత పెరుగుతూ తగ్గుతూ అలలుగా వస్తుంది, నిద్ర పట్టనివ్వనిది అదే. పరీక్ష సులువు: కంప్యూటర్ ఆపి, దాని కింద నాలుగు మడతలు పెట్టిన దుప్పటి వేసి, మళ్లీ ఆన్ చేసి ఒక్క నిమిషం వినండి. మోత బాగా తగ్గితే అదురే కారణం. వెంటనే దుప్పటి తీసేయండి, కింది గాలి దారి మూసుకుపోతుంది.

తాత్కాలికంగా కాళ్ల కింద మెత్తటి రబ్బరు ముక్కలు, డిస్క్ స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు వేయించండి. సరైన పద్ధతి మాత్రం ఆ డిస్కులను హాల్లోంచి పంపేయడమే. హాలు కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ ఒక్కటి ఉంచి, హార్డ్‌డిస్కులను ఇంకో గదిలో పాత కంప్యూటర్‌లోనో నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలోనో పెట్టి రౌటర్‌కు ల్యాన్ కేబుల్‌తో కలపండి. వీడియో ఆగిపోతుందేమోనన్న టెన్షన్ వద్దు. 4కే బ్లూరే డిస్క్‌కు కూడా సెకనుకు 150 మెగాబిట్లకు మించి అక్కర్లేదు, మామూలు గిగాబిట్ ల్యాన్ 1000 మోస్తుంది.

పిల్లల వీడియోలు ఆ రెండు డిస్కుల్లోనే ఉన్నాయని రాశారు. రెండింటిలో ఒకే కాపీలు ఉన్నాయా, వేరువేరుగా పంచి ఉన్నాయా? పంచి ఉంటే మోత సంగతి తర్వాత, ముందు ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని అన్నీ కాపీ చేసి బీరువాలో పెట్టండి. హార్డ్‌డిస్క్ పోయేముందు చెప్పి పోదు.

ఇంకో దారి కూడా ఉంది. మీ టీవీ ఉన్న గోడకు అవతల పడకగదో స్టోర్‌రూమో ఉంటే కంప్యూటర్ మొత్తాన్నే అక్కడికి మార్చి, తొమ్మిది అంగుళాల గోడకు కనెక్టర్ పట్టేంత రంధ్రం వేసి హెచ్‌డీఎంఐ కేబుల్ ఇవతలికి తీసుకోవచ్చు. దీన్ని మించిన నిశ్శబ్దం ఏ ఖరీదైన భాగమూ ఇవ్వదు. కేబుల్ నాలుగైదు మీటర్ల లోపైతే మామూలుది చాలు, అంతకు మించితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి, దానికి టీవీ వైపు, కంప్యూటర్ వైపు అని గుర్తులుంటాయి, తిప్పి పెడితే పనిచేయదు. వైర్‌లెస్ కీబోర్డు రిసీవర్‌ను యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో హాల్లోకి తెచ్చుకోండి.

చీమకుర్తి నుంచి ఒక పాఠకుడు: గ్రానైట్ క్వారీల దుమ్ము ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. కొన్న ఆరు నెలలకే ఫ్యాన్లు గరగరమంటున్నాయి. జాలీ క్యాబినెట్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ జాలీ వెనక ఊడదీసి కడుక్కునే సన్నటి ఫిల్టర్ ఉండాలి, దాన్ని పదిహేను రోజులకోసారి కడిగి బాగా ఆరబెట్టి పెట్టాలి. గాలి లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి లాగేవాటి కంటే ఒకటి ఎక్కువుండేలా చూడండి, అప్పుడు దుమ్ము సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ గుండానే వస్తుంది. గరగర మాత్రం బేరింగుది. చవక ఫ్యాన్లలో ఉండే స్లీవ్ బేరింగుల్లో నూనె ఎండకు తొందరగా ఆరిపోతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అని రాసి ఉన్నవి కొనండి, ధర ఎక్కువైనా మీలాంటి చోట అవే నిలుస్తాయి. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది.

ఆత్మకూరు నుంచి ఒక పాఠకుడు: కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి రాగానే కొత్త ఎస్‌ఎంపీఎస్ జుయ్యిమంటుంది, ఒక్కోసారి కంప్యూటరే ఆగిపోతోంది. పాతదానికి ఈ బాధ లేదు. కొత్తది చెడ్డదా?

ఎస్‌ఎంపీఎస్ మంచిదే, ఇన్వర్టర్‌ను చూడండి. మీది పాత స్క్వేర్ వేవ్ రకం (కరెంటు అల నున్నగా కాకుండా మెట్లుగా వచ్చేది) అయ్యుంటుంది. కరెంటు పోయినప్పుడు సీలింగ్ ఫ్యాన్ కూడా మూలుగుతుంటే దాదాపు అదే. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే భాగానికి ఆ మొద్దు కరెంటు పడదు, అందుకే జుయ్యిమనడం, ఆగిపోవడం. పాత చవక ఎస్‌ఎంపీఎస్‌లో ఆ భాగమే లేదు కాబట్టి అది పట్టించుకోలేదు. నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు మారితే చప్పుడు పోతుంది, ఫ్యాన్ల మూలుగు కూడా పోతుంది. బ్యాటరీ బాగుంటే, ఓల్టేజీ సరిపోతే పాతదే కొత్త ఇన్వర్టర్‌కు తగిలించుకోవచ్చు. మార్చేదాకా కరెంటు పోయినప్పుడు కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీద నడపకండి, ఆ ప్లగ్‌ను ఇన్వర్టర్ లైను నుంచి విడదీయమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.